ఉప్పునీటి అక్వేరియానికి ముందు పైపు, తరువాతే పంపు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నెల్లూరు ఇంట్లో చేపలూ పగడాలూ పెంచడానికి నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోదలచావనీ, దానికి ఏ మోటారు కొనాలో నన్ను కనుక్కోమన్నావనీ మీ అమ్మ చెప్పింది. గంటకు ఆరువేల లీటర్లు తోడే పంపు ఒకటి చవకగా దొరుకుతున్నదని కూడా అన్నావట. దాన్ని ఇప్పుడే కొనవద్దు. ఈ తీరంలో రొయ్యపిల్లల హ్యాచరీల్లో ఇరవైరెండేళ్లపాటు సముద్రపు నీటిని తోడించి, వడకట్టించి, తొట్లకు మళ్లించడమే నా ఉద్యోగం. ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టుకుని కూడా పదేళ్లు దాటింది. అక్కడా ఇక్కడా నాకు తెలిసివచ్చింది ఒక్కటే: నీరు పోయే దారిని ముందు కాగితం మీద గీసుకుని, ఆ దారికి ఎంత ఎత్తు ఉంది, ఎన్ని మలుపులు ఉన్నాయి, పైపు ఎంత లావు అన్నది తేల్చుకున్న తరువాతే పంపు కోసం అంగడికి వెళ్లాలి. మనవాళ్లు ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు.

నీ తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుంటే తొమ్మిది ఘనపుటడుగులు అవుతుంది, ఘనపుటడుగుకు 28.3 లీటర్ల లెక్కన దాదాపు 255 లీటర్లు. రాళ్లూ ఇసుకా, పైన వదిలే ఖాళీ తీసేస్తే అందులో నిలిచే నీరు 220 లీటర్లకు మించదు. దాని కింద స్టాండులో పెట్టే రెండో చిన్న తొట్టెను కూడా సంపు అనే అంటారు, ఇంటి ముందు మునిసిపాలిటీ నీళ్లు పట్టుకునే సంపుతో కలగాపులగం చేసుకోకు. పై తొట్టెలోని నీరు పొర్లి ఈ సంపులోకి దిగుతుంది, అక్కడ స్కిమ్మరు మురికిని నురగగా లాగేస్తుంది, శుభ్రపడిన నీటిని పంపు మళ్లీ పైకి ఎత్తుతుంది. ఈ చక్రం గంటకు అయిదుసార్లు తిరిగితే నీకు చాలు. అంటే పైకి నిజంగా చేరవలసినది గంటకు 1,100 నుంచి 1,200 లీటర్లు మాత్రమే. పగడాలకు జోరైన ప్రవాహం కావాలి కదా అంటావేమో, ఆ జోరు తొట్టె లోపల అంటించే వేవ్‌మేకర్ల పని, అవి నీటిని అక్కడికక్కడే కదిలించే చిన్న పంపులు. గంటకు 2,500 లీటర్ల చొప్పున కదిలించేవి రెండు ఎదురెదురుగా పెడితే తక్కువ కరెంటుతోనే నీరు సుడులు తిరుగుతుంది. ఆ పనిని కింది పంపు నెత్తిన పెడితే శబ్దమూ వేడీ పెరుగుతాయే తప్ప లాభం లేదు.

ఇక డబ్బా మీద అచ్చువేసే అంకె సంగతి. అది పంపు ఏ ఎత్తుకూ ఎత్తకుండా, పైపు లేకుండా, ఊరికే నీటిలో తిరిగినప్పటి లెక్క. దాని పక్కనే హెచ్ మ్యాక్స్ అని మరో అంకె ఉంటుంది. ఆ ఎత్తు వద్ద పంపు తిరుగుతూనే ఉంటుంది కానీ చుక్క నీరు రాదు. నీ స్టాండు మూడడుగులు, తొట్టె అడుగున్నర, సంపులో నీరు తొమ్మిది అంగుళాలు అయితే, నీటి మట్టం నుంచి పై అంచు వరకు 45 అంగుళాలు, అంటే సుమారు 1.15 మీటర్లు. మలుపులూ పైపు ఒరిపిడీ కలిపి మరో ముప్పై, నలభై సెంటీమీటర్లు వేసుకుంటే ఒకటిన్నర మీటరు అవుతుంది. 3,000 లీటర్లు, మూడు మీటర్లు అని రాసి ఉన్న పంపు ఆ ఎత్తు వద్ద సుమారు సగం, అంటే 1,500 లీటర్లు ఇస్తుంది. అదే 3,000 లీటర్ల పంపుకు హెచ్ మ్యాక్స్ రెండు మీటర్లే అయితే పావు వంతు వస్తే గొప్ప. కొనేటప్పుడు మొదటి అంకె కన్నా రెండోదాన్ని శ్రద్ధగా చూడు. నీ లెక్కకు మొదటి రకం పంపే సరిపోతుంది, ఆరువేల లీటర్లది దండగ.

పైపు లావు విషయంలో పిసినారితనం వద్దు. ఒకే ప్రవాహాన్ని అంగుళం పైపుకు బదులు అర అంగుళం పైపులోకి తోస్తే ఒరిపిడి పది రెట్లకు పైగా పెరుగుతుంది. పంపు మూతి ముప్పావు అంగుళమే అయినా, అక్కడే లావు మార్చే జోడు, అంటే రెడ్యూసర్ వేసి పైదాకా అంగుళం పైపు నడిపించు. తొంభై డిగ్రీల ఎల్బో ఒకటి వేసే చోట, కొంచెం ఎడంగా నలభై అయిదు డిగ్రీలవి రెండు వేయించు. ప్లంబరు గొణుగుతాడు, గొణగనీ. పంపు దగ్గర ఒక యూనియన్, అంటే విప్పి మళ్లీ బిగించుకోగల జోడు, తప్పకుండా ఉండాలి. అది లేకపోతే పంపు కడగవలసి వచ్చిన ప్రతిసారీ రంపంతో పైపు కోయవలసి వస్తుంది.

ఆ ప్లంబరును ఒక కంట కనిపెట్టి ఉండవలసిన విషయం ఇంకొకటి ఉంది. మంచినీటి పైపులు వేసిన అలవాటుకొద్దీ మరలు కావలసిన చోట అతడు లోపల ఇత్తడి పొదిగిన సీపీవీసీ అనే ప్లాస్టిక్ ఫిట్టింగ్ తెస్తాడు. పైకి అంతా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. వేలు లోపల పెట్టి వెలుతురులో చూస్తే పసుపుపచ్చ మర తళుక్కుమంటుంది. ఇత్తడిలో ఉన్న రాగి ఉప్పునీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది, చేప తట్టుకోగలిగిన ఆ కాస్త రాగిని పగడమూ రొయ్యా నత్తా తట్టుకోలేవు. నేను పనిచేసిన ఒక హ్యాచరీలో, రాత్రిపూట రిపేరు చేస్తూ ఎవరో ఒక లైనుకు ఇత్తడి వాల్వు బిగించారు. నీరు రాత్రంతా ఆ లైనులో నిలిచి, తెల్లవారుజామున తొట్టెలోకి వెళ్లింది. ఎండ వచ్చేసరికి బీకరులో ముంచి చూస్తే రొయ్యపిల్లలు ఈదడం మాని అడుగున సన్నటి బూడిదలాగా కూర్చున్నాయి. కనుక ఇత్తడి, రాగి, జీఐ అనే జింకు పూత ఇనుము వద్దే వద్దు. వాల్వులూ నిపుళ్లూ అన్నీ యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌వే కావాలి. ఇంటి బావికి వాడే ఓపెన్‌వెల్ మోటారును ఇక్కడికి తెద్దామన్న ఆలోచన కూడా ఇందుకే పనికిరాదు, దాని ఒంటినిండా ఇనుమూ ఇత్తడే. సెరామిక్ ఇరుసు మీద అయస్కాంతంతో తిరిగే, మోటారు మొత్తం ఎపాక్సీలో మూసి ఉన్న అక్వేరియం పంపే కొను.

దిగే దారి ఎక్కే దారి కన్నా ముఖ్యమైనది, ఎందుకంటే పంపు ఆగితే చేపలు కొన్ని గంటలు ఓర్చుకుంటాయి, దిగే దారి మూసుకుపోతే నీరు హాలులోకి వస్తుంది. వెనక అద్దానికి పైభాగంలో రంధ్రాలు పెట్టించి, వాటికి ట్యాంక్ నిపుళ్లు బిగించి రెండు పైపులు దించు. రంధ్రం వేయించే ముందు ఆ అద్దం టఫెన్డ్ కాదని నిర్ధారించుకో, టఫెన్డ్ అయితే డ్రిల్లు తగలగానే మొత్తం పలుకులైపోతుంది. మొదటి పైపు నిండుగా, గాలి లేకుండా దిగాలి. దానికి గేట్ వాల్వు వేసి, నీరు మరీ వేగంగా జారిపోకుండా బిగించుకుంటూ రావాలి. బాల్ వాల్వుతో ఇంత సున్నితంగా సర్దడం కుదరదు. రెండో పైపు మూతి మొదటిదాని కన్నా ఎత్తులో ఉంటుంది, అందులో ఎప్పుడూ సన్నని ధార మాత్రమే జారాలి. మొదటి దానిలో నత్తో నాచో అడ్డుపడిన రోజున ఈ రెండోదే మొత్తం నీటిని మోస్తుంది కాబట్టి దానికి వాల్వు పెట్టకూడదు, లావు తగ్గించకూడదు. రెండూ అంగుళంపావుకు తగ్గవద్దు. సరిగ్గా కుదిరితే బుడబుడమనే చప్పుడే ఉండదు, రాత్రి ఫ్యాను శబ్దమే పెద్దదనిపిస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్న సంగతి దగ్గర నేను చేసిన తప్పు దాచుకోను. నా మొదటి తొట్టె మూడడుగులది. నీరు తిరిగివచ్చే గొట్టాన్ని అందంగా ఉంటుందని ఎనిమిది అంగుళాల లోతుకు దించి, నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. ఆ వాల్వు రెప్ప సందులో కందిగింజంత గుల్ల ఇరుక్కుని ఉన్నదని తరువాత తెలిసింది. పంపు ఆగగానే నీరు అదే పైపులో వెనక్కి జారడం మొదలై, గొట్టం మూతి బయటపడేదాకా ఆగలేదు. ఎనభై లీటర్లు దిగాయి, సంపులో చోటు పాతికకే ఉంది. మిగతావి మీ అత్తయ్య గోడవారన పెట్టుకున్న మొలగొలుకుల బియ్యం మూట కిందికి చేరాయి. ఇప్పటికీ అన్నంలో ఉప్పు ఎక్కువైతే ఆమె నా వైపే చూస్తుంది.

అందువల్ల నాన్ రిటర్న్ వాల్వును నమ్మవద్దు, అసలు వేయకపోయినా నష్టం లేదు. తిరుగునీటి గొట్టం మూతి నీటి మట్టానికి దిగువన రెండు సెంటీమీటర్ల లోపే ఉండనీ. నీ తొట్టె వైశాల్యానికి ఒక్కో సెంటీమీటరు 5.4 లీటర్లు, గొట్టం వల్ల దిగేది, అంచు మీదుగా పొర్లేది, పైపుల్లో ఉన్నది అంతా కలిపి ముప్పై లీటర్ల దాకా కిందికి వస్తుంది. సంపు రెండున్నర అడుగులు పొడవు, అడుగుంపావు వెడల్పు ఉంటే ఆ నీటికి నాలుగు అంగుళాలకు పైగా ఖాళీ ఎత్తు కావాలి, కనుక అయిదు వదులు. అన్నీ అమర్చాక ప్లగ్గు నీవే పీకి, నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూసి అక్కడ ఒక గీత గీయి. పంపు నడుస్తున్నప్పుడు సంపులో ఎంతవరకు నింపవచ్చో ఆ పరీక్షే చెబుతుంది.

పంపుల్లో ఏసీ, డీసీ అని రెండు రకాలు. డీసీది ఖరీదు, కానీ నీవు దాన్నే కొనాలని నా మాట. నీటిలో మునిగి నడిచే పంపు తాగే కరెంటు అంతా చివరకు నీటికి వేడిగానే చేరుతుంది. 60 వాట్ల ఏసీ పంపు నెలకు 43 యూనిట్లు కాలిస్తే, అదే పనికి 25 వాట్ల డీసీ పంపు 18 యూనిట్లతో సరిపెడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో, నీరు 26, 27 డిగ్రీల దగ్గర ఉండాలని కోరే పగడాలను పెంచేవాడు ఆ వేడిని లెక్కచేయకుండా ఉండలేడు. నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లరు, ఎటూ కొనక తప్పదు. దానికి ఎంత ప్రవాహం కావాలో దాని మీదే రాసి ఉంటుంది, దాని కోసం వేరే చిన్న పంపు పెట్టు, చిల్లరు వదిలే వేడిగాలి అదే గదిలో తిరగకుండా చూడు. ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఉంటే ఏసీ పంపు దాని మీద గుర్రుమంటూ వేడెక్కుతుంది, ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి.

డబ్బు చూసుకుని అదే రకం పంపు రెండోది కూడా కొను. బీరువాలో పెట్టకుండా, నీళ్ల డ్రమ్ములో ఉప్పు కలపడానికి వాడుకుంటూ ఉండు. అసలుది ఆగిన రోజున ఇది నడుస్తుందో లేదో అన్న అనుమానం ఉండదు. మైపాడు నుంచి క్యాన్లతో సముద్రపు నీరు తెచ్చుకుందామని నీవు అనుకుంటున్నట్టు విన్నాను. కార్తీకంలో వానలు పడి పెన్న నీరు కలిసినప్పుడు ఆ నీటి ఉప్పదనం పడిపోతుంది, బురదా ఉంటుంది. ఆర్వో యంత్రం శుద్ధిచేసిన నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే నిలకడ.

పైపుల అతుకులు వేశాక అతికించే సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు పూర్తిగా వదిలి, తరువాత రెండు మూడు రోజులు మంచినీటితో నడిపి ఆ నీటిని పారబోయి. నిపుల్ వాషరు నీరు ఉన్న వైపు ఉండాలి, చేత్తో బిగించి పావు చుట్టు తిప్పితే చాలు. స్విచ్ బోర్డు సంపు కన్నా ఎత్తులో, పక్కకు ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క అక్కడే నేల మీద పడుతుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, అంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేకుండా ఆ నీటిలో చెయ్యి పెట్టవద్దు. మూడు నెలలకొకసారి పంపు విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో ఒక గంట నడిపితే తెల్లటి సున్నం ఊడిపోతుంది.

నీరు నిజంగా ఎంత వస్తున్నదో కనుక్కోవడానికి మీటరు అక్కరలేదు. పై గొట్టం కింద పది లీటర్ల బకెట్ పట్టి, ఫోనులో సెకండ్లు లెక్కపెట్టు. ముప్పై సెకండ్లలో నిండితే గంటకు 1,200 లీటర్లు. ముందుగా గోడ కొలతలు, స్టాండు ఎత్తు వేసి, నీటిదారి గీసిన కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపు. అది చూశాకే పంపు పేరు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య