డాండెలియన్ కషాయంలోకి ఏం దిగుతుంది, ఏం దిగదు

మీరడిగినవి రెండు: డాండెలియన్‌లో పనిచేసే పదార్థాలేంటి, మన గడ్డి చామంతి అదేనా అని. కాదు. గడ్డి చామంతికి కొమ్మలుంటాయి, ఆకులు ఎదురెదురుగా వస్తాయి. డాండెలియన్ ఆకులన్నీ నేలకి అంటుకుని చుట్టూ పరుచుకుంటాయి. మధ్యలోంచి లేచే బోలు కాడకి ఒక్కటే పసుపు పువ్వు, తుంచితే పాలు కారతాయి. అమెరికాలో ఉంటే లాన్‌లోనే దొరుకుతుంది గానీ, కలుపుమందు కొట్టిన చోటుది ముట్టుకోవద్దు.

వేరులో పెద్ద వాటా ఇన్యులిన్‌ది, అంటే నీళ్లలో కరిగే ఒక రకం పీచు పదార్థానిది. ఆకురాలే కాలంలో తవ్విన ఎండు వేరులో 40 శాతం దాకా ఉంటుంది, వసంతంలో 2 శాతానికి పడిపోతుంది. చేదంతా సెస్క్విటెర్పీన్ లాక్టోన్లనే చేదు పదార్థాలది. వేరులోని ఇంకో పదార్థం టారాక్సాస్టెరాల్ పేరు ప్యాకెట్ల మీద ఘనంగా వేస్తారు, కానీ అది నీళ్లలో దాదాపు కరగదు. టీ కాచుకుని దాన్ని ఆశించడం దండగ. ఆకుది వేరే లెక్క: చికోరిక్ ఆమ్లం, లూటియోలిన్ గ్లైకోసైడ్లు (రెండూ మొక్కల్లో ఉండే ఫినాలిక్ పదార్థాలే), 100 గ్రాముల పచ్చి ఆకుకి 400 మిల్లీగ్రాముల దగ్గర పొటాషియం.

కషాయానికి 3-4 గ్రాముల ఎండు వేరు ముక్కలు, కప్పున్నర నీళ్లు. సన్నమంట మీద పది నిమిషాలు మరిగించి వేడిగానే వడకట్టాలి. ఇన్యులిన్ వేడినీళ్లలో బాగా దిగుతుంది, చన్నీళ్లలో అంతగా దిగదు. ఆల్కహాల్ ఎక్కువైతే అసలే కరగదు. టింక్చర్ (వేరుని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన మందు) సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే చాలావరకు అదే. పాడైందని పారబోయకండి, ఊపి వాడుకోండి.

పచ్చి వేరు ఎండబెట్టేటప్పుడు లావువి నిలువునా చీల్చండి. విరిస్తే టక్కున విరగాలి. వంగిందంటే లోపల తడుంది, డబ్బాలో బూజు పట్టేస్తుంది. కాఫీరంగు వచ్చేదాకా వేయిస్తే ఇన్యులిన్ కొంత విరిగి తీపెక్కుతుంది, ఫినాలిక్ ఆమ్లాలు తగ్గుతాయి. రుచికైతే సరే, మందుగా వాడాలనుకుంటే వేయించొద్దు.

కొన్న పొడి మీద అనుమానముంటే చిటికెడు పొడిని నీళ్లలో మరిగించి, చల్లారాక ఒక చుక్క అయోడిన్ వేయండి. ముదురు నీలమైతే ఏదో పిండి కలిసింది. అయోడిన్‌ని నీలం చేసేది స్టార్చ్, ఈ వేరులో ఉండేది ఇన్యులిన్.

"లివర్ కడిగేస్తుంది" అన్నది అమ్మేవాళ్ల మాట. మనుషుల మీద జరిగిన పరీక్షలు బాగా తక్కువ. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, వయ్యారిభామ, చామంతి పడనివాళ్లు డాక్టర్నడగకుండా మొదలెట్టొద్దు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, విటమిన్ కె దాని పని తగ్గిస్తుంది) వాడేవాళ్లు ఆకుకూరగా కూడా తినొద్దు: 100 గ్రాముల్లో 780 మైక్రోగ్రాముల దాకా విటమిన్ కె ఉంటుంది.