టవర్ లొకేషన్ ఒక్కటే చూపించి నేరం మోపితే?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఒక షాపులో నిరుడు దొంగతనం జరిగింది. ఆ రాత్రి మా తమ్ముడికి ఒక కాల్ వచ్చిందనీ, అప్పుడు వాడి ఫోన్ షాపు దగ్గరి టవర్ లొకేషన్‌లో ఉందనీ ఛార్జ్‌షీట్‌లో రాశారు. వాడు ఇంట్లోనే ఉన్నాడు. ఏం చేయాలి?

జవాబు: సీడీఆర్‌లో (ఫోన్ కంపెనీ ఉంచే కాల్ వివరాల రికార్డు) కనిపించే అక్షాంశ రేఖాంశాలు మీ తమ్ముడి ఫోన్‌వి కావు, టవర్‌వి. వాటిని మ్యాప్‌లో పెడితే గుర్తు టవర్ మీదే పడుతుంది. మామూలుగా ఒక టవర్‌కు మూడు సెక్టార్లు (ఒక్కో దిక్కుకు సిగ్నల్ ఇచ్చే భాగాలు), ఒక్కొక్కటి సుమారు 120 డిగ్రీల మేర ఉంటాయి. ఊళ్లో ఒక సెక్టార్ కిందికి కొన్ని వీధులు వస్తాయి. పైగా ఫోన్ ఎప్పుడూ దగ్గరి టవర్‌నే పట్టుకోదు. అడ్డంగా భవనం ఉన్నా, పై అంతస్తులో ఉన్నా, ఆ టవర్ మీద రద్దీ ఉన్నా వేరేదానికి పోతుంది. కాబట్టి ఇల్లూ షాపూ ఒకే సెల్ ఐడీ (సెక్టార్ గుర్తింపు సంఖ్య) కిందికి రావడంలో వింతేమీ లేదు.

మీ లాయరు ముందుగా చూడాల్సింది ఆ రాత్రి రికార్డు కాదు, అంతకుముందు నెల రోజుల రికార్డు. ఇంట్లో ఉన్న రాత్రుల్లోనూ అదే సెల్ ఐడీ పడుతుంటే ప్రాసిక్యూషన్ వాదనలో పస పోతుంది. అయితే జాగ్రత్త: మిగతా రోజులన్నీ వేరే సెక్టార్, ఆ ఒక్క రాత్రే ఇది అని తేలితే, ఆ రికార్డు తెప్పించమని మీరు వేసిన పిటిషనే మీ మెడకు చుట్టుకుంటుంది. అందుకే మొదట ఛార్జ్‌షీట్‌తో ఇచ్చిన కాపీల్లో ఎన్ని రోజుల సీడీఆర్ ఉందో చూడండి. కాల్ మొదటి సెల్ ఐడీ, చివరి సెల్ ఐడీ, సెక్టార్ ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే అజిమత్ కూడా కావాలి. అజిమత్ సీడీఆర్‌లో లేకపోతే కంపెనీ తరఫున రికార్డులిచ్చే నోడల్ అధికారిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాలి.

కంపెనీలు సీడీఆర్‌ను కనీసం రెండేళ్లు ఉంచాలన్నది లైసెన్సు షరతు. ఆ తర్వాత చెరిపేయవచ్చు. అందుకని రికార్డు భద్రపరచాలని ఇప్పుడే కోర్టులో పిటిషన్ వేయించండి. ఆ రికార్డును తెప్పించమని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 94 కింద అడగాల్సింది మాత్రం మీ డిఫెన్స్ దశలో. అభియోగాలు ఖరారు చేసే దశలో నిందితుడు కోరిన పత్రాలను కోర్టులు మామూలుగా తెప్పించవు.

ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ లేని సీడీఆర్ ప్రింటవుట్ సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) ప్రకారం సర్టిఫికెట్‌లో రెండు భాగాలుండాలి, రెండోది నిపుణుడి సంతకంతో. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాశారో లేదో చూడండి. కానీ ఈ లోపం మీదే కేసంతా ఆనించకండి. విచారణ ముగిసేలోపు సర్టిఫికెట్ దాఖలు చేయడానికి కోర్టు అనుమతించవచ్చని అర్జున్ పండిత్‌రావు తీర్పులో (2020) సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకొకటి, డబ్బిస్తే సీడీఆర్ తెచ్చిస్తామనే ప్రైవేటు డిటెక్టివ్‌ల జోలికి పోవద్దు. అది వేరే కేసవుతుంది.