సర్వే నంబరు చెప్పి చేసే ప్రార్థన

తమ్ముడూ వందనాలు. కథ అందింది, రెండుసార్లు చదివా. ఎలక్షన్ ముందు క్యాండిడేట్ మందిరానికొస్తే పాస్టరు అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే సీను బాగుంది. కానీ చివర్లో నీ హీరో బైబిల్ గిరాటేసి "ప్రార్థన చేసేవాడు పోరాటం చెయ్యడు" అని జెండా పట్టుకుని పోతాడు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

మా అమ్మమ్మ ఇళ్ల స్థలాల కోసం ఆరేళ్లు తిరిగింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సర్వే నంబరు చెప్పి మరీ అడిగేది. "పరిశుద్ధుడవైన తండ్రీ, 142 బై 2లో ఎకరం ముప్పై సెంట్లు, నీకు తెలియంది కాదు, ఆర్ఐ గారి మనసు మార్చు ప్రభువా, మారకపోతే ట్రాన్స్‌ఫర్ చెయ్యి" అని. నవ్వకు. ఆమెన్ అనగానే కొంగున కట్టిన అర్జీ కాయితం తీసి అందరిచేత వేలిముద్రలు వేయించేది, సోమవారం ఆ ఆడాళ్లంతా ఆటో మాట్లాడుకుని ఎమ్మార్వో ఆఫీసు ముందు బైఠాయించేవాళ్లు, ఇక ప్రార్థనెక్కడ అయిపోయిందో ధర్నా ఎక్కడ మొదలైందో ఎవడు చెప్తాడు? లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతి చుట్టూ తిరిగి తిరిగి తీర్పు చెప్పించుకున్న విధవరాలు ఉంది కదా, యేసు ఆ ఉపమానం చెప్పిందే ప్రార్థన గురించి. అమ్మమ్మ ఆవిడ గురించి పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది.

ఇదంతా నేను కథ రాసి పంపితే ఒక అభ్యుదయ పత్రిక ఎడిటరు ప్రార్థన మొత్తం కోసేశాడు, మతప్రచారం అట. ఒక క్రైస్తవ పత్రికకి పంపితే వాళ్లు ప్రార్థన ఉంచి సర్వే నంబరూ ఆర్ఐనీ తీసేశారు, రాజకీయాలు వద్దు సహోదరా అని. ఇద్దరూ ముట్టుకోకుండా వదిలేసింది అమ్మమ్మ కళ్లజోడు వర్ణన ఒక్కటే. ఇప్పుడు నువ్వు ఎవడూ అడక్కుండానే నీ అంతట నువ్వే కోసుకుంటున్నావు!

పైగా నీ హీరోకి భయమే లేదు. 1956 జనవరిలో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్ల బస్సుల బాయ్‌కాట్ నడుస్తుంటే మార్టిన్ లూథర్ కింగ్‌కి రాత్రిపూట బెదిరింపు ఫోనొచ్చింది. నిద్రపట్టక వంటింట్లో కాఫీ పెట్టుకుని, నా వల్ల కావట్లేదు, ధైర్యం పోతోంది అని ప్రార్థనలో ఒప్పేసుకున్నాడు. కొద్దిరోజులకే ఇంటి మీద బాంబు పడింది, బాయ్‌కాట్ మాత్రం 381 రోజులు నడిచింది. నీవాడు ఒక్కసారైనా నీళ్లు నమిలితే నేను నమ్ముతా.

ఇంకో తప్పు. ఎమ్మార్వో ముందు "నేను క్రైస్తవుణ్ణి" అని అరిచినవాడు తర్వాతి పేజీలో ఎస్సీ, ఎస్టీలకి మాత్రమే వర్తించే అట్రాసిటీ కేసు ఎలా పెడతాడయ్యా? ఎస్సీలు ఎవరో తేల్చిన 1950 రాష్ట్రపతి ఆర్డర్ ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో కలిపారు, మనల్ని కలపలేదు, మనకి బీసీ-సీ. 2025లో ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని ఏపీ హైకోర్టు ఈ పాయింట్ మీదే కొట్టేసింది. అందుకే కదా పేటలో చాలామందికి ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. ఆ ముక్క అరిస్తే ఏం పోతుందో వాడికి తెలిసుండాలి.

ఏ పత్రికకి పంపాలన్నావు, అది తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీలో ముసలామె ఉంది కదా, "ప్రార్థించింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు, ఆమె చేత నోరు తెరిచి ప్రార్థన చేయించి, మాట మాట రాసి పంపు. పేరు కూడా మార్చు. ఆ వయసు వాళ్లకి మన దగ్గర షారోన్ అని ఎవరు పెట్టారయ్యా, ఏ సువార్తమ్మో దీనమ్మో అయ్యుంటుంది.