జీతం ఆగబోతుంటే పర్సనల్ లోనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తాయి. నా ఖర్చులు 25 వేలు. ఆర్మూరులో ఒక్కతే ఉండే అమ్మకు 10 వేలు పంపుతాను, ఆమెకు షుగర్ ఉంది. చిట్టీకి 10 వేలు కడుతున్నా. 2 లక్షల చిట్టీ, ఇంకో 8 నెలలు ఉంది. సేవింగ్స్ 70 వేలు, పీఎఫ్ 3 లక్షలు. బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద మొదటి నవల రాస్తున్నాను. రోజూ ఆఫీసుకు ముందు కూర్చుని 140 పేజీలు చేశాను. ఢిల్లీలో క్రియేటివ్ రైటింగ్ ఎంఏకి సీటు వచ్చింది, రెండేళ్ల కోర్సు. ఉద్యోగం మానేసి చదువు, నవల రెండూ చూసుకుందామనుకుంటున్నా. పే స్లిప్ ఉండగానే 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకోమని ఫ్రెండ్స్ చెప్పారు. 14 శాతం వడ్డీ, ఐదేళ్లు. అప్రూవ్ కూడా అయింది. నవల వచ్చాక రాయల్టీతో తీర్చేస్తాను. ఈ ప్లాన్ బాగుందా?

జవాబు: బాగాలేదు. ‘రిజైన్ చేసే ముందే లోన్ తీసేసుకో’ అనే సలహా ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపిస్తోంది. ఒకరు కేఫ్ పెట్టడానికి అంటారు, ఒకరు సివిల్స్ కోచింగ్‌కి అంటారు. మీరు నవలకు అంటున్నారు. సలహా ఇచ్చిన స్నేహితులెవరూ ఈఎంఐ లెక్క వేసినట్టు లేరు, కాబట్టి నేనే వేస్తాను.

మీరు చెప్పిన వడ్డీకి నెలకు ఈఎంఐ దాదాపు 13,960 రూపాయలు. జీతం ఉండదు కాబట్టి అది లోన్ డబ్బులోంచే కట్టాలి. రెండేళ్లలో అలా 3.35 లక్షలు బ్యాంకుకే తిరిగి వెళ్లిపోతాయి. మీ చదువుకు, తిండికి, అమ్మగారికి కలిపి మిగిలేది 2.65 లక్షలు, అంటే నెలకు 11 వేలు. డిగ్రీ చేతికొచ్చే రోజుకు ఇంకా 4 లక్షల పైచిలుకు అసలు బాకీ ఉంటుంది. అప్పు తెచ్చి అప్పు కట్టడానికి ఇంత ప్లాన్ ఎందుకమ్మా?

రాయల్టీ సంగతి. 250 రూపాయల పుస్తకం, 10 శాతం రాయల్టీ, వెయ్యి కాపీలు మొత్తం అమ్ముడయ్యాయనుకుందాం. మీకొచ్చేది 25 వేలు, రెండు ఈఎంఐలకు కూడా చాలదు. తెలుగులో అయితే మొదటి పుస్తకం అచ్చుకు రచయితే ఎదురు డబ్బు పెట్టుకునే సందర్భాలే ఎక్కువ. మీ నవల గొప్పగా ఆడాలని నాకూ ఉంది, కానీ దాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోలేం.

నన్ను అసలు కంగారు పెట్టింది ఆ 70 వేల సేవింగ్స్. ఆపద వస్తే మీ చేతిలో ఉండేది అంతే. అమ్మగారి సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ఈ లెక్క మొత్తం తిరిగేది ఆమె చుట్టే. షుగర్ ఉన్నవాళ్లకు కాలి మీద చిన్న పుండు లేచినా ఒక్కోసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. రాత్రి పూట ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, బీమా క్యాష్‌లెస్ కార్డు ఉన్నా, అనుమతి వచ్చేదాకా అంటూ కౌంటర్లో అడ్వాన్స్ కట్టమంటారు. మీరు ఢిల్లీలో క్లాసులో ఉంటారు, ఈఎంఐ తేదీ రేపో ఎల్లుండో ఉంటుంది. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు, అది చాలకపోతే లోన్ యాప్. నా దగ్గరికి వచ్చే అప్పుల కేసుల్లో చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు నేను ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. జీతం వదులుకునేవాళ్లకు ఏడాది. ఢిల్లీలో మీకు 20 వేలు, అమ్మగారికి 10 వేలు అనుకుంటే 3.6 లక్షలు. ఇది ఆపదకే. నెలవారీ ఖర్చుకు కాదు, ఫీజుకూ కాదు. పుస్తకాలకు, సాహిత్య ఉత్సవాలకు అసలే కాదు. సగం స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన, అవసరమైనప్పుడు తీసుకోగల డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా నగదు చేసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టి, ఉందన్న సంగతే మర్చిపోండి.

ఇది మీకు అందని మొత్తమేమీ కాదు. ఖర్చులన్నీ పోగా నెలకు 13 వేలు మిగులుతున్నాయి. చిట్టీ ఇప్పుడు పాడుకోకండి. పాడుకుంటే తగ్గింపు పోగా వచ్చినదానికి మిగతా వాయిదాలు కడుతూనే ఉండాలి, అదీ అప్పే. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 1.9 లక్షలు వస్తాయి. సేవింగ్స్, చిట్టీ, నెలనెలా మిగిలేది, చిట్టీ అయ్యాక ఆదా అయ్యే 10 వేలు కలిపితే పది నెలల్లో 4 లక్షలు దాటుతుంది. అంటే వచ్చే ఏడాది అడ్మిషన్ల నాటికి.

పీఎఫ్ ముట్టుకోకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

ఉద్యోగంలో చివరి రోజుతో సాధారణంగా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ పోతుంది, అందులో అమ్మగారి పేరుంటే ఆమెదీ పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటి చికిత్సకు బీమా డబ్బు రాదు. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో, గ్రూప్‌లో ఉన్న కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారేమో ఉద్యోగంలో ఉండగానే రాతపూర్వకంగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు, కాబట్టి ఖరీదెక్కువన్న సాకు కొంత తగ్గింది. మీకేమైనా అయితే అమ్మగారికి డబ్బు అందే జీవిత బీమా, అంటే టర్మ్ పాలసీ కూడా జీతం రుజువు ఉన్నప్పుడే తీసుకోండి.

చదువుకు అప్పు చేయక తప్పకపోతే ఎడ్యుకేషన్ లోన్ ఉంది. దాని ఊసే ఎత్తలేదు మీరు! 7.5 లక్షల దాకా ప్రభుత్వ బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తాయి, ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చూ కలుస్తుంది. కోర్సయ్యాక సాధారణంగా ఏడాది దాకా ఈఎంఐ ఉండదు, వడ్డీ మాత్రం లెక్కలో పడుతుంటుంది. అమ్మగారికి పంపే 10 వేలకు అక్కడే ఏదో పార్ట్‌టైమ్ పని చూసుకోవాలి. అది కుదరదనుకుంటే ఢిల్లీ ఆలోచన మానుకుని, ఉద్యోగం చేస్తూనే ఇగ్నో క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా చేయండి. దూరవిద్య కాబట్టి సెలవు పెట్టే పని లేదు. 30 ఏళ్ల లోపు రచయితలకు కేంద్రం పీఎం యువ పథకం కింద ఆరు నెలల పాటు నెలకు 50 వేల స్కాలర్‌షిప్ ఇచ్చింది. మళ్లీ ప్రకటన వస్తే అప్లై చేయండి, వచ్చేదాకా లెక్కలో కలపకండి.

నవలకు టైమ్ దొరకదన్న భయం ఉంటే, ఆ 140 పేజీలు ఉద్యోగం చేస్తూ రాసినవేనని మీరే చెప్పారు.

లోన్ అప్రూవ్ అయిందన్నారు, డబ్బు పడిందని చెప్పలేదు. పడకపోతే ఈరోజే వద్దని మెయిల్ పెట్టండి. పడి ఉంటే కదిలించకండి, రద్దు చేసుకునే గడువు ఎంతో ఒప్పందంలో చూసి వెనక్కి కట్టేయండి. రెండో మెయిల్ యూనివర్సిటీకి, సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా అని. వాళ్లు కుదరదంటే మళ్లీ అప్లై చేయొచ్చు.