సన్‌రూఫ్ కారుతుంటే రబ్బరు జోలికి పోకముందు తూములు చూడండి

మీరు అడిగింది ఇదీ: అమలాపురంలో ఉంటారు, కారు కొని మూడేళ్లయింది. గట్టి వాన పడితే మిర్రర్ పైన ఉండే లైటులోంచి నీటి చుక్కలు పడుతున్నాయి, డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ ముక్కవాసన కొడుతోంది. మెకానిక్ ఏమో చుట్టూ సిలికాన్ (సందులు మూసే జిగురు) పూసేద్దామంటున్నాడు, సర్వీసు సెంటర్ వాళ్లు సన్‌రూఫ్ మొత్తం మార్చాలంటున్నారు. ఏం చేయాలి, అసలు ఈసారి సన్‌రూఫ్ లేని కారే కొనుక్కోవాలా అని కూడా అడిగారు.

ముందు ఆ రెండు పనులూ ఆపండి. మా బావగారి కారుకి మండపేటలో అచ్చం ఇదే వచ్చింది. చివరికి పైసా పార్టు కూడా మార్చకుండా తేలిపోయింది.

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదండి. చాలావరకు పక్కకు తోసేస్తుంది, కొంత నీరు దాన్ని దాటి లోపలికి దిగుతుంది. కారు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు కాబట్టి అద్దం కింద చుట్టూరా కాలువలాంటి ట్రే పెడతారు. సాధారణంగా దాని నాలుగు మూలలా నాలుగు తూములుంటాయి. ఒక్కో తూముకి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు. ముందు రెండూ ముందద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాల్లోంచి దిగి, తలుపు బందుల దగ్గరో, ముందు చక్రం పైన ఫెండర్ లోపలో బయటపడతాయి. వెనక రెండూ వెనక స్తంభాల్లోంచి దిగి బంపర్ వెనకో, చక్రం గూటిలోనో తేలతాయి. మోడల్‌ని బట్టి చోటు మారుతుంది. మండువా లోగిలి ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. నడిమిట్లో వాన పడుతూనే ఉంటుంది, తూము పారుతున్నంతసేపూ వసారా తడవదు.

మన దగ్గర ఆ తూములు పూడడానికి కారణాలకి కొదవ లేదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, హార్వెస్టర్ తిరిగిన చేల పక్క రోడ్డుమీద వెళితే చాలు, పొట్టూ దుమ్మూ అద్దం సందుల్లో చేరుతుంది. రైసుమిల్లుల దగ్గరైతే ఊక బూడిద. కొబ్బరి చెట్టు కింద కారు పెడితే పూత రాలుతుంది, వేపచెట్టయితే ఆకూ పువ్వూ. ఎండాకాలం అంతా ఇవి ట్రేలో ఎండి కూర్చుంటాయి, జూన్‌లో మొదటి వానకి ముద్దయి తూములో ఇరుక్కుంటాయి. బావగారి కారులో కుడివైపు ట్యూబులోంచి వచ్చింది నల్లటి పేస్టులాంటి బూడిద. దాని కింద కొసలో కందిరీగ పెట్టిన మట్టిగూడు!

మీ కారుది తూము సమస్యేనా అని తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. వాన వెలిశాక బండి తీసి బ్రేకు వేసినప్పుడో, మలుపు తిప్పినప్పుడో ఒక్కసారిగా పైనుంచి నీళ్లు పడ్డాయంటే, ట్రేలో నీరు నిలిచి ఉందని అర్థం. ఇక పరీక్ష. కారుని సమంగా ఉన్న చోట పెట్టి, సన్‌రూఫ్ పూర్తిగా తెరిచి, ముందు మూల తూము దగ్గర టీ గ్లాసుతో నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. కొద్ది సేపట్లో కారు కింద అదే వైపున ధారగా పడాలి. పడకుండా ట్రేలోనే నిలబడినా, చుక్కచుక్కగా కారినా అది పూడినట్టే. బాగా దిగుతోంది కానీ బయటికి రాకుండా లోపల కార్పెట్ తడుస్తోందంటే ట్యూబు ఎక్కడో ఊడిపోయిందన్నమాట. అది ఇంట్లో చేసే పని కాదు. వెనక తూములు కొన్ని మోడళ్లలో అద్దం తీసినా కనపడవు, వాటిని సర్వీసు వాళ్లకే వదిలేయండి.

పూడిక తీయడానికి నేను వాడింది గడ్డి కోసే మిషనుకి వేసే నైలాన్ తీగ. మందపాటి గాలం తాడైనా పనికొస్తుంది. కొస మొనగా ఉంటే నిప్పుతో కాస్త గుండ్రం చేసుకోండి, తిప్పుతూ నిదానంగా దించండి. అడ్డం తగిలితే పొడవకుండా కొంచెం వెనక్కి లాగి మళ్లీ దించండి. ఇనప తీగ మాత్రం వద్దు, ట్యూబు చిరిగితే స్తంభం లోపల కారుతుంది. పంక్చరు షాపు కంప్రెసర్‌తో ఒక్క ఊదు ఊదితే పోతుంది కదా అంటారు, ఆ మాట వినకండి. ఆ ఒత్తిడికి ట్యూబు పైన అతుకు దగ్గర ఊడొస్తుంది. కింద కొసలో కొన్ని కార్లకు రబ్బరు మూతిలాంటిది ఉంటుంది, దానిలోనే బురద పట్టేస్తుంది. వేళ్లతో నొక్కి శుభ్రం చేస్తే సగం రోగం అక్కడే పోతుంది.

మెకానిక్ చెప్పిన సిలికాన్ విషయానికొస్తే, నీరు వచ్చే దారి మూసేసి పోయే దారి అలాగే వదిలేస్తే ఏం లాభం? పైగా అద్దం కదలదు, రేపు రబ్బరు నిజంగానే మార్చాల్సి వస్తే ఆ గట్టిపడిన సిలికాన్ గీకేవాడు మిమ్మల్ని తిడతాడు. రబ్బరుకి కావలసింది తడిబట్టతో తుడవడం, తర్వాత సిలికాన్ గ్రీజు పలచగా రాయడం. వాజిలీన్, బండి గ్రీజు లాంటి పెట్రోలియం సరుకు రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రబ్బరు చీలినా, అద్దం కప్పుకంటే లోతుగానో ఎత్తుగానో కూర్చున్నా అప్పుడు సర్వీసు సెంటర్‌తో మాట్లాడండి. పైన లైనింగ్ విప్పుతానని ఊళ్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చాలా కార్లలో కప్పు అంచు వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి, అంటే ప్రమాదంలో కిటికీల మీదుగా తెరలా విచ్చుకునే గాలి సంచులు.

మీ కార్పెట్ తడిది ఇంకొక సంగతి. అది సన్‌రూఫ్‌దే అని ఒట్టు పెట్టలేం. వాన లేని రోజు కూడా, ఏసీ వాడాక తడుస్తోందంటే అది ఏసీ డ్రెయిన్ పైపు పూడిక. మన వైపు కార్లలో ఎక్కువగా ఎడమ సీటు వైపు కనపడుతుంది. వైపర్ల కింద జాలీలో ఆకులు నిండినా వాన నీరు లోపలికి దిగుతుంది. మీకు పైన లైటులోంచి కూడా పడుతోంది కాబట్టి సన్‌రూఫ్ మీదే నా అనుమానం, కానీ పరీక్ష చేశాకే నమ్మండి.

కారణం దొరికాక కార్పెట్ ఎత్తించి ఆరబెట్టాల్సిందే. దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, మన గాలిలో తేమకి అది తనంతట తాను ఆరదు. సీట్ల కింద వైరింగ్ కనెక్టర్లుంటాయి, చిలుము పడితే రకరకాల వార్నింగ్ లైట్లు వెలుగుతాయి. సెంటు బాటిల్ తగిలించి ఊరుకుంటే వాసన పోదు, ఖర్చు పెరుగుతుంది. లైటులో నీళ్లు పడుతున్నంతకాలం దాన్ని వెలిగించకండి.

తూములు చూడడానికి నేను పెట్టుకున్న వేళలు రెండు: మే చివర్లో ఒకసారి, దసరా ముందు ఒకసారి. దసరా దాటితే తుపాన్లు మొదలవుతాయి, 2025 అక్టోబరు చివర్లో మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానలో నీరు అడ్డంగా కొడుతుంది, తెగిన ఆకుల తునకలన్నీ ఆ సందుల్లోకే పోతాయి. తుపాను వెలిశాక ఒకసారి అద్దం తెరిచి ట్రే తుడవండి. వాటర్ సర్వీసింగ్ చేయిస్తే గన్ను అద్దం అంచుకి ఎదురుగా పెట్టొద్దని చెప్పండి.

ఇక కొనడం సంగతి. మన ఎండకి సన్‌రూఫ్ తెరిచి తిరిగే రోజులు తక్కువే, నాకైతే అది లేకపోయినా బెంగ లేదు. పిల్లలకి సరదా అయితే తీసుకోండి, ఈ కారణంగా మానక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మాత్రం బేరం ఆడకముందే మ్యాట్లు ఎత్తి కార్పెట్ వాసన చూడండి, డిక్కీలో స్టెప్నీ గుంటలో నీటి చారలున్నాయేమో, పైన లైనింగ్ మూలల్లో గోధుమ రంగు మరక ఉందేమో చూడండి. అమ్మేవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకుండా తూములో ఒక గ్లాసు నీళ్లు కూడా పొయ్యండి.