గోల్ ముందు గడ్డి ఎందుకు నిలవదు?

ప్రశ్న: మా ఫుట్‌బాల్ మైదానంలో గోల్ ముందు వానకు బురద, ఎండకు బండ. ఎన్నిసార్లు విత్తినా గడ్డి చచ్చిపోతోంది. ఇసుక పోయిస్తే చాలా?

జవాబు: చాలదు. ఒకేచోట బూట్లు తొక్కీ తొక్కీ మట్టి అణిగిపోయింది. గాలి సందులు మూసుకుపోతే నీరూ దిగదు, వేరూ దిగదు. దానిమీద మందంగా ఇసుక పోస్తే నీరు ఆ రెండు పొరల మధ్యే ఆగుతుంది. ఆటగాళ్ల కాలు జారేది అక్కడే.

ముందు పదునున్న నేలలో పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. 10 సెం.మీ. లోపే మొరాయిస్తే నేల అణిగినట్టే. (ఎండిన నేల ఎలాగూ గట్టిగానే ఉంటుంది, అప్పుడు చూసి లాభం లేదు.) బోలు మేకుల యంత్రంతో (గొట్టాల్లాంటి మేకులను నేలలో గుచ్చి మట్టిని పైకి తీసేది) 8-10 సెం.మీ. లోతున మట్టి కడ్డీలను లాగించి, ఊడ్చేసి, ఆ రంధ్రాల్లోకి కడిగిన ఇసుకను చీపురుతో దిగేలా తోయండి. పైన మిగిలే ఇసుక 3-5 మి.మీ. మించకూడదు. బురదగా ఉన్నప్పుడు మాత్రం ఈ పని వద్దు, రంధ్రాల గోడలు మెత్తుకుపోతాయి.

తర్వాత విత్తి, వేరు పట్టేదాకా తాడు కట్టి అడుగు పెట్టనివ్వకండి. గడ్డి ఎత్తు 25-30 మి.మీ. ఉంచండి, ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయొద్దు. అసలు మందు మాత్రం, ప్రాక్టీసుకు కదిలే గోల్‌పోస్టులు వాడి రోజూ చోటు మార్చడమే.