ఒక్కడికే కార్‌పూల్ లేన్ ఎలా ఇస్తారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మొదటిదానికి జవాబు కొంచెం పొడవుగానే ఇవ్వవలసి వచ్చింది. ఆ తండ్రి అడిగిన ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు.

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి అమెరికాలో ఓక్లాండ్‌లో ఉంటూ, బే బ్రిడ్జ్ దాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగానికి వెళ్తాడు. ఈమధ్య కారు ఇంటి దగ్గరే ఉంచి మోటారుసైకిల్ మీద వెళ్తున్నాడట. అదేమిటని అడిగితే, "కార్‌పూల్ లేన్‌లో పోతాను నాన్నా, టోల్ సగమే, నిలబడే పని కూడా ఉండదు" అంటున్నాడు. కార్‌పూల్ అంటే నలుగురు కలిసి ఒకే కారులో వెళ్లడమని నాకు తెలుసు. ఒక్కడే బండి మీద వెళ్తూ ఆ లేన్‌లోకి ఎలా ప్రవేశిస్తాడు? ఇది చట్టం ఒప్పుకొన్నదేనా, లేక వాళ్ల అమ్మ కంగారు పడుతుందని అలా చెబుతున్నాడా? — ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. ఒక్కడే వెళ్లినా మోటారుసైకిల్‌కు అక్కడి కార్‌పూల్ లేన్‌లో చోటు ఉంది, చట్టం ఒప్పుకునే ఉంది. అయితే అతని మాటలో రెండు వేర్వేరు సౌకర్యాలు కలిసిపోయాయి. ఆ లేన్‌లో వెళ్లే అనుమతి ఒకటి, టోల్‌లో తగ్గింపు మరొకటి. ఈ రెండింటికీ పుట్టుక వేరు, షరతులు వేరు. రెండూ ఒకటేననుకునే చాలామంది నష్టపోతుంటారు.

ముందు లేన్ సంగతి చూద్దాం. ఓక్లాండ్ వైపు టోల్ ప్లాజా దగ్గర పదిహేనుకు పైగా వరుసల్లో వచ్చే బండ్లన్నీ వంతెన మీది అయిదు వరుసల్లోకి సర్దుకోవాలి. అందరూ ఒక్కసారిగా దూరితే ఎవరూ కదలరు గనుక, టోల్ ప్లాజా దాటాక సిగ్నల్ దీపాలు పెట్టి బండ్లను కొద్దికొద్దిగా వదులుతారు. రద్దీ సమయంలో ఉద్యోగుల ఓపికంతా ఖర్చయ్యేది ఈ దీపాల ముందే. కార్‌పూల్ వరుసలకు ఆ దీపాలతో పని లేదు, అవి పక్కనుంచి నేరుగా వంతెన ఎక్కుతాయి. కాబట్టి మీ అబ్బాయికి కలిసివచ్చే అసలు లాభం డాలర్లలో కంటే నిమిషాల్లోనే ఎక్కువ.

ఇక ఒక్క మనిషికి ఆ చోటు ఎందుకిచ్చారన్నది మీ సందేహంలోని ముఖ్యాంశం. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో కార్‌పూల్ లేన్లు విస్తరించాయి. ఒకే కారులో ఎక్కువమందిని కూర్చోబెడితే పెట్రోలూ మిగులుతుంది, రోడ్డూ మిగులుతుందన్నది వాటి వెనుక ఉన్న లెక్క. ఆ లెక్క ప్రకారం చూస్తే ఒంటరిగా వెళ్లే మోటారుసైకిల్‌కు అందులో చోటు లేదు. అయినా 1982లో వచ్చిన సమాఖ్య రవాణా చట్టం ఈ లేన్లలోకి మోటారుసైకిళ్లను అనుమతించింది. ఇందుకు చెప్పే కారణం భద్రత. అంగుళం అంగుళం జరిగి ఆగే కార్ల వరుసలో మోటారుసైకిల్ ఇరుక్కుంటే, వెనుక వచ్చే డ్రైవరు ఒక్క క్షణం ఏమరినా అతని బంపరుకూ ముందున్న కారుకూ మధ్య నలిగేది బండి నడిపేవాడే. కారుకు సొట్ట పడే దెబ్బకు ఇతని కాలు విరుగుతుంది. పైగా గాలితో చల్లబడే ఇంజన్లు కదలని వరుసలో వేడెక్కిపోతాయి. అందుచేత మోటారుసైకిల్‌ను కదులుతున్న వరుసలోనే ఉంచడం మేలని ప్రభుత్వం భావించింది. ఫలానా చోట మోటారుసైకిల్ వల్లనే ప్రమాదమని తేలితే, రాష్ట్రం ఆ లేన్‌లోకి రానీయకుండా ఆపనూవచ్చు.

మనిషిని లెక్కించడానికి వేసిన లేన్‌లోకి మనిషిని కాపాడడం కోసం బండిని రానిచ్చారన్నమాట. ఈ తేడా నాకు నచ్చిన విషయం కాబట్టి ఇంత వివరంగా రాశాను, విసుక్కోకండి.

టోల్ తగ్గింపు కథ వేరు. 2010 జూన్ వరకు రద్దీ వేళల్లో కార్‌పూల్ బండ్లు ఆ వంతెనను ఉచితంగా దాటేవి. 2010 జులై 1 నుంచి వాటికీ రెండున్నర డాలర్లు పెట్టారు, దానితోపాటు మన ఫాస్టాగ్ లాంటి ట్యాగ్‌ను తప్పనిసరి చేశారు. అక్కడ దాని పేరు ఫాస్‌ట్రాక్. 2025లో మామూలు టోల్ 8 డాలర్లు, కార్‌పూల్ టోల్ అందులో సగం, అంటే 4 డాలర్లు ఉండేది. 2026 నుంచి 2030 వరకు ఏటా మామూలు టోల్‌ను మరో 50 సెంట్లు పెంచాలని కూడా నిర్ణయించారు. నగరంలోకి వెళ్లేటప్పుడే టోల్ తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి ఉండదు. 2025 నాటి ధరతో నెలకు ఇరవై రెండు పనిదినాలు లెక్కవేస్తే మీ అబ్బాయికి మిగిలేది 88 డాలర్లు.

షరతులు ఇక్కడే మొదలవుతాయి. సగం ధర సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 5 నుంచి 10 గంటల వరకు, సాయంత్రం 3 నుంచి 7 గంటల వరకు మాత్రమే వర్తిస్తుంది. ట్యాగ్ ఉండాలి, కార్‌పూల్‌కు కేటాయించిన వరుసలోనే దాటాలి. పది గంటలు దాటి అయిదు నిమిషాలకు వెళ్లినా, పొరపాటున పక్క వరుసలో దూరినా, మోటారుసైకిల్‌కూ కారుకు పడినంత టోలే పడుతుంది. రెండు చక్రాలకు ప్రత్యేకమైన చిన్న రేటంటూ ఆ వంతెన మీద లేదు. మోటారుసైకిల్‌కు కారుకున్నట్టు ముందు గాజు అద్దం ఉండదు గనుక ట్యాగ్‌ను చాలామంది జాకెట్ పై జేబులో పెట్టుకుంటారు. లోహపు పెట్టెలో దాచితే యంత్రానికి అందదు. వంతెన మీద 2020 మార్చిలో కోవిడ్ కారణంగా చేతికి నగదు తీసుకోవడం ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టలేదు. కాబట్టి ట్యాగ్ పలకకపోతే కెమెరా నంబరు ప్లేటును ఫోటో తీసి, యజమానికి బిల్లు పంపిస్తుంది. ఆ నంబరును ట్యాగ్ ఖాతాలో ముందే నమోదు చేయించుకున్నాడో లేదో ఒకసారి అడగండి. తండ్రిగా మీరు అడగదగిన ప్రశ్నల్లో ఇది అన్నింటికన్నా ఉపయోగకరమైనది.

అదే మీ అబ్బాయి కారులో ఒంటరిగా ఆ లేన్‌లోకి వెళ్తే మాత్రం నేరమే. ఓక్లాండ్ ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రంలో దానికి కనీస జరిమానా 490 డాలర్లు. బే బ్రిడ్జ్ కార్‌పూల్‌కు కారులో ముగ్గురుండాలి, రెండే సీట్లున్న కారైతే ఇద్దరు చాలు. కోవిడ్‌కు ముందు ఓక్లాండ్, బర్క్‌లీ వైపు వీధుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు పొద్దున్నే వరుసలో నిలబడితే, ఒంటరి డ్రైవర్లు వచ్చి ఇద్దరేసి చొప్పున ఎక్కించుకుపోయేవారు. ఎవరి అవసరం వారిది. మన కూర్మన్నపాలెంలో షేర్ ఆటో ఎక్కినట్టే, కాకపోతే అందరూ ఆఫీసు బట్టల్లో!

వాళ్ల అమ్మగారి కంగారు గురించి కూడా ఒక మాట. ఆగిన కార్ల వరుసల మధ్య సందులోంచి మోటారుసైకిల్ ముందుకు పోవడం కాలిఫోర్నియాలో చట్టసమ్మతం. 2016లో ఆమోదించిన చట్టం 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డులో మనం రోజూ ఏ చట్టమూ అడగకుండా చేసే పని అక్కడ శాసనసభ దాకా వెళ్లిందన్నమాట. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, రోడ్డు మీద బండ్ల వేగం గంటకు 80 కిలోమీటర్లు మించకుండా, వాటి వేగానికీ మోటారుసైకిల్ వేగానికీ తేడా 24 కిలోమీటర్లు దాటకుండా ఉన్నంతవరకు ఇది కొంత క్షేమకరం. ఆ తేడా పెరిగేకొద్దీ గాయాలూ పెరుగుతాయి. కాబట్టి సందుల్లోంచి వెళ్తున్నావా అని నిలదీయడం కన్నా, పక్క కార్ల కన్నా ఎంత వేగంగా వెళ్తున్నావని అడగడం మంచిది. హెల్మెట్ గురించి అడగనక్కరలేదు. 1992 నుంచి అక్కడ వెనుక కూర్చున్నవారికీ అది తప్పనిసరి. సముద్రపు పాయ మీద అడ్డంగా వీచే గాలికి, వాన తడిసిన ఇనుప అతుకులకు అలవాటు పడడానికి మాత్రం కొన్నాళ్లు పడుతుంది.

ప్రశ్న: మద్దిలపాలెం నుంచి రోజూ స్కూటీ మీద ఉద్యోగానికి వెళ్తాను. ద్విచక్ర వాహనాలకు కూడా టోల్ పెడతారని ఆమధ్య ఫోన్లలో తెగ తిరిగింది. నిజమేనా? టోల్ మాట సరే, బండ్ల కోసం మనకూ ఒక లేన్ ఎందుకు వేయరు? — ఒక ఉద్యోగిని

జవాబు: నిజం కాదు. 2025 జులై 15 నుంచి ద్విచక్ర వాహనాలు కూడా టోల్ కట్టాలన్న వార్త ఆ ఏడాది జూన్ చివర్లో వ్యాపించింది. అలాంటి ప్రతిపాదన ఏదీ లేదని కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ వెంటనే ఖండించారు. జాతీయ రహదారుల టోల్‌ను నిర్ణయించే 2008 నాటి నిబంధనల్లోని రేట్ల పట్టిక కార్లు, జీపులతో మొదలవుతుంది, ద్విచక్ర వాహనానికి అందులో వరుసే లేదు. అందువల్లనే వేంపాడు టోల్ గేటు దగ్గర గాని, నాతవలస గేటు దగ్గర గాని బండి పక్కనుంచి సాగిపోతుంది.

మీ రెండో ప్రశ్న ఇంకా విలువైనది. కాలిఫోర్నియా వాళ్లు బండి నుంచి టోల్ తీసుకుని సురక్షితమైన చోటు ఇచ్చారు. మనం టోల్ మాఫీ చేసి, లారీ చక్రాల పక్కన వదిలేశాం. గాజువాక మీదుగా వెళ్లేవారికి నేనేమంటున్నానో వేరే చెప్పనక్కరలేదు. నన్ను అడిగితే మాఫీ కన్నా లేన్ ముఖ్యమంటాను. అయితే కార్‌పూల్ లేన్‌లో చోటివ్వడమనే పద్ధతి మనకు పనికిరాదు. అక్కడ మోటారుసైకిళ్లు కొద్ది గనుక ఆ లేన్ నిండదు. ఇక్కడ రోడ్డు మీద ఉన్నవే ఎక్కువగా అవి, లోపలికి రానిస్తే పది నిమిషాల్లో ఆ లేనూ మామూలు రోడ్డే అవుతుంది. పెందుర్తి వైపు బి.ఆర్.టి.ఎస్. రోడ్డు మధ్యలో బస్సుల కోసం వేరు చేసిన దారుల్లోకి అందరమూ దూరిన అనుభవం మన ఊరికి ఉండనే ఉంది.

మనం చూడవలసింది మలేషియా వైపు. కౌలాలంపూర్ నుంచి క్లాంగ్ వెళ్లే ఫెడరల్ హైవే పక్కన కేవలం మోటారుసైకిళ్ల కోసం వేరే దారి 1970ల నుంచే ఉంది. కార్ల దారికీ దానికీ మధ్య గట్టు ఉంటుంది గనుక గీత దాటే ప్రశ్న రాదు. అదే దేశంలో 1985లో తెరిచిన పెనాంగ్ వంతెన మీద మోటారుసైకిళ్లు టోల్ కట్టేవి. 2019 జనవరి 1 నుంచి దానిని ఎత్తేశారు. అంటే చోటూ ఇచ్చి, టోలూ వదులుకోవడం సాధ్యమేనని ఒక దేశం చూపించింది. పోర్టు లారీల కోసం షీలానగర్ నుంచి వేరే రోడ్డు వేయగలిగిన ఊరికి, బండ్లను కూడా వేరు చేయాలన్న ఆలోచన రావడం అసాధ్యమేమీ కాదు.

ప్రశ్న: చదువు కోసం కాలిఫోర్నియా వెళ్తున్నాను. ఇక్కడ ఆరేళ్లుగా బుల్లెట్ నడుపుతున్నాను. ఇక్కడి లైసెన్సుతో అక్కడ మోటారుసైకిల్ నడపవచ్చా? — ఒక విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: చుట్టపుచూపుగా వెళ్లినవారు సొంత దేశపు లైసెన్సుతో, అందులో అనుమతి ఉన్న రకం వాహనాన్ని నడపవచ్చు. మన రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్‌ను వెంట ఉంచుకోవడం మంచిది. అక్కడే స్థిరంగా ఉంటున్నట్టు లెక్కలోకి వస్తే మాత్రం పది రోజుల్లో కాలిఫోర్నియా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. మోటారుసైకిల్‌కు కారు లైసెన్సు చాలదు, ఎం-1 అనే తరగతి వేరుగా ఉంది. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారికి శిక్షణ తరగతి తప్పనిసరి. ఆ వయసు దాటినవారు కూడా దానిని పూర్తి చేస్తే బండి నడిపి చూపించే పరీక్ష తప్పుతుంది కాబట్టి చేరడమే మేలు. మీ ఆరేళ్ల అనుభవం రోడ్డుకు ఎడమ పక్కన సంపాదించింది, అక్కడ నడిచేది కుడి పక్కన.

రాత పరీక్ష పాసయ్యాక ఇచ్చే లెర్నర్ పర్మిట్ మీద ఫ్రీవే, అంటే సిగ్నళ్లు లేని వేగ రహదారి, ఎక్కకూడదు, చీకటి పడ్డాక నడపకూడదు, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. బే బ్రిడ్జ్ కూడా ఫ్రీవేలో భాగమే. కాబట్టి అసలు లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆ నీళ్లను మెట్రో లాంటి అక్కడి బార్ట్ రైల్లో దాటండి. దానికి వంతెనతో పని లేదు. 1974 నుంచి అది సముద్రపు పాయ అడుగున పరిచిన గొట్టంలోంచే వెళ్తోంది.